సన్యాసమ్మ తటాకం

నందివలస మున్సిపాలిటీ చుట్టుపక్కల పదకొండు పంచాయతీలను కలుపుకుని మహానగరం అయినప్పుడు ముందుగా పెరిగింది ఆఫీసు పేరు. అంతకు ముందు గోడమీద ‘నీళ్ళ ఆఫీసు’ అని ఉండేది. దాన్ని చెరిపేసి ‘నందివలస మహానగర ప్రాంత సమీకృత జల, మురుగు నిర్వహణ సంస్థ’ అని రాయించారు. గోడ చాలక చివరి రెండు మాటలూ పక్కవీధిలోకి తిరిగాయి. పేరు తరవాత కుర్చీలు పెరిగాయి, కుర్చీల తరవాత కార్లు పెరిగాయి. జనం మూడింతలయ్యారు. పైపులు మాత్రం ఎన్ని ఉండేవో అన్నే ఉన్నాయి.

ఆ పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. అతను లైన్‌మన్ దాలినాయుడు. నాలుగడుగుల ఇనప తాళం భుజాన వేసుకుని ముప్పై నాలుగేళ్ళుగా వీధివీధీ తిరిగి వాల్వులు తిప్పుతున్నాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్ళు ఎక్కుతాయో అతనికి ఎక్కాలు వచ్చినట్టు వచ్చు. తాళం ఒక కొస నేలకి ఆనించి రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటే భూమిలో ఎక్కడ నీళ్ళు కారిపోతున్నాయో అతనికి వినబడేది. అలా చెవి పెట్టి వినీ వినీ మెడ కాస్త ఎడమవైపుకి వాలిపోయింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అది వినయం అనుకునేవారు.

సాయంత్రం ఆఫీసుకి వచ్చి రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టరుకి ఒక నియమం ఉంది, ఒక ఆచారం ఉంది. ‘లీకు’ అని రాస్తే ఇరవై నాలుగు గంటల్లో మరమ్మతు చెయ్యాలి, చెయ్యకపోతే ఇంజినీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అది నియమం. అందుకని లీకు అని ఎవరూ రాయకూడదు. అది ఆచారం. ఆ మాటకి బదులు ‘నీరు నిల్వ ఉన్నది’ అని రాయాలి. నిల్వ ఉన్న నీటికి మరమ్మతు ఏముంటుంది? ఉద్యోగంలో చేరిన మూడోరోజునే పెద్ద గుమాస్తా ఈ రహస్యం దాలినాయుడికి చెప్పి, దానికి ప్రతిఫలంగా టీ తాగాడు.

గోనెమిల్లు కాలనీ కింద ఆరంగుళాల పోత ఇనుము పైపు ఒకటి ఉంది. మిల్లు కట్టినప్పుడు వేశారు. మిల్లు పోయింది, పైపు మిగిలింది. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మురుగుకాలవ. మూడేళ్ళ కిందట ఆ పైపు అతుకు దగ్గర చిట్లింది. నీళ్ళు వదిలినప్పుడు అందులోంచి మంచినీళ్ళు బయటికి పోతాయి, కట్టినప్పుడు మురుగు లోపలికి వస్తుంది. బయటికి పోయిన నీళ్ళు పల్లంలో చేరి చిన్న మడుగు కట్టాయి. మడుగుకి పదకొండు అడుగుల దూరంలో సన్యాసమ్మ ఇల్లు.

సన్యాసమ్మ ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి అమ్ముతుంది. పదిహేనేళ్ళుగా గ్రైండరు మీద బతుకుతోంది. కాలనీలో సగం పొయ్యిలు ఆమె పిండితోనే తెల్లవారతాయి. 

“ఏటి బావూ ఈ నీల్లు? రెండు బిందిలు పారబోత్తే గాని మూడోది ముట్టుకోనేకపోతన్నాను. మొన్న ఎదురింటి గుంటకి పచ్చకామెర్లు వొచ్చీసినాయి. జనం నా పిండిని అంటన్నారు. నీ పైపుని ఎవుడూ అనడు,” అంది ఆమె ఒకరోజు.

“రాస్తన్నానప్పా. రోజూ రాస్తన్నాను,” అన్నాడు దాలినాయుడు.

రాస్తున్న మాట నిజమే. ‘గోనెమిల్లు కాలనీ, వాల్వు నంబరు 23 వద్ద నీరు నిల్వ ఉన్నది.’ మూడేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. 

నోటితో కూడా చెప్పాడు. పెద్ద పథకం వస్తోంది, పాత పైపులన్నీ పీకేస్తారు, మురుగంతా భూగర్భంలోకి పోతుంది, రేపు పీకేసే పైపుకి ఇవాళ అతుకు వెయ్యడం ప్రజాధనం దుర్వినియోగం అని ఇంజినీర్లు అన్నారు. ఆ రేపు మూడేళ్ళు నడిచింది.

చివరికి పథకం వచ్చింది. ఏ పని చెయ్యాలన్నా ముందు నేలలో ఏముందో తెలియాలి కదా అని, పైపులకన్నా ముందు పటం గీయించారు. దాని పేరు ‘జలనేత్రం’. అది ఎంత అందంగా వచ్చిందంటే, చూసినవాళ్ళకి ఇంక పైపులు వెయ్యకపోయినా ఫరవాలేదనిపించింది. గీసినవాళ్ళు దాలినాయుణ్ణి ఒక్క మాట అడగలేదు. మనిషి చెప్పేది అభిప్రాయం, ఉపగ్రహం చెప్పేది సమాచారం అని వాళ్ళకి శిక్షణలో చెప్పారు.

పటంతోపాటు ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. ‘జలనేత్రంలో నమోదు కాని పైపు గానీ, కాలవ గానీ, వాల్వు గానీ భూమియందు ఉన్నట్టు భావించరాదు. భావించిన సిబ్బందిపై చర్య తీసుకొనబడును.’

ప్రారంభోత్సవం రోజున గోడంత తెర కట్టారు. కార్యనిర్వాహక ఇంజినీరు పరాంకుశంగారు, అంటే అందరూ ఈఈగారు అనే పెద్దమనిషి, ముందు వరసలో కూర్చున్నారు. కన్సల్టెంటు అన్వేష్ చేతిలో చిన్న లేజరు దీపం పట్టుకుని తెరమీద నగరాన్ని తిప్పి చూపిస్తున్నాడు. గోనెమిల్లు కాలనీ దగ్గరికి వచ్చేసరికి పైపులేవీ కనబడలేదు. మధ్యలో మాత్రం చిన్న నీలిరంగు మచ్చ మెరిసింది.

“ఏమిటది, ముచ్చటగా ఉంది?” అన్నారు ఈఈగారు.

“వాటర్ బాడీ సార్. మన సాఫ్ట్‌వేర్ దానంతటదే గుర్తుపట్టింది. తొంభై మూడు శాతం నమ్మకంతో చెబుతోంది.”

ఈఈగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కారణం ఉంది. మీ నగరంలో చెరువులు ఎన్ని మిగిలాయి, ఎన్ని కాపాడారు అని పై నుంచి నెలనెలా తాఖీదులు వస్తున్నాయి. నందివలసలో ఒకప్పుడు పదకొండు చెరువులు ఉండేవి. పదకొండూ ఇప్పుడు కాలనీలు. పదో చెరువు గర్భంలోనే ఈఈగారి సొంత మేడ ఉంది. కాపాడదామంటే ఒక్క చెరువు లేక ఆయన ఆరు నెలలుగా మొహం చాటేస్తున్నారు. 

“సార్, అది చెరువు కాదండి. ఆరంగుళాల పైపు లీకండి,” అన్నాడు వెనక వరసలోంచి దాలినాయుడు.

“పటంలో అక్కడ పైపు ఉందా?”

“పటంలో లేదండి. నేలలో ఉందండి.”

“సర్క్యులర్ చదివావా? పైపే లేనప్పుడు లీకు ఎక్కడినుంచి వస్తుందయ్యా? కాస్త శాస్త్రీయంగా ఆలోచించు.”

అన్వేష్‌కి మాత్రం ఒక సందేహం ఉంది. చెరువుగా నమోదు కావాలంటే అక్కడ కనీసం మూడేళ్ళుగా నీరు ఉన్నట్టు శాఖాపరమైన ఆధారం కావాలట. పెద్ద గుమాస్తా మెల్లగా లేచి వెళ్ళి దాలినాయుడి రిజిస్టర్లు మూడూ తెచ్చి బల్లమీద పెట్టాడు. ‘నీరు నిల్వ ఉన్నది. నీరు నిల్వ ఉన్నది. నీరు నిల్వ ఉన్నది.’ ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, ఆదివారం లేదు.

“మండువేసవిలో కూడా ఎండని జీవ తటాకం!” అన్నారు ఈఈగారు గద్గదంగా. దాలినాయుడి భుజం తట్టి, “ఈ సంస్థలో రికార్డు సరిగ్గా పెట్టినవాడివి నువ్వొక్కడివేనయ్యా,” అన్నారు.

ముప్పై నాలుగేళ్ళలో అతని భుజం మీద ఇంజినీరు చెయ్యి పడటం అదే మొదటిసారి. దాలినాయుడికి ఆ భుజం అక్కడికక్కడే తీసి పారేసుకోవాలనిపించింది.

పేరు అనే గడి ఖాళీగా ఉంటే యంత్రం ముందుకి కదలడం లేదు. అక్కడివాళ్ళు దాన్ని ఏమంటారని అడిగారు. సన్యాసమ్మ మడుగు అంటారని దాలినాయుడు చెప్పాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నీటి ఊట లేని ఆ గుంటకి ఆ మధ్యాహ్నమే ‘సన్యాసమ్మ తటాకం’ అని పేరు పడింది. సభికులు చప్పట్లు కొట్టారు. పక్కనున్న మురుగుకాలవని ఆ తటాకంలోకి నీరు తెచ్చే వాగుగా నమోదు చేశారు.

దాలినాయుడు ఊరుకోలేదు. లీకు మరమ్మతుకి అనుమతి ఇప్పించమని తనకి చేతనైన భాషలో అర్జీ రాసి ఈఈగారికి ఇచ్చాడు. ఆయన మంచిమనిషే. చదివి, “నిజమే, తాగేనీళ్ళు కలుషితం కావడం బాధాకరం,” అని పైకి సిఫారసు చేశారు. ఈ మధ్యనే ఆయనకి తటాక పరిరక్షణాధికారిగా అదనపు బాధ్యతలు ఇచ్చారు. అందుకని ఆయన గదిలో రెండు బల్లలు, రెండు కుర్చీలు ఉన్నాయి. తూర్పు కుర్చీలో ఆయన నీళ్ళ ఇంజినీరు, పడమటి కుర్చీలో చెరువుల అధికారి. తూర్పు బల్లమీద సంతకమైన సిఫారసును బంట్రోతు తీసుకెళ్ళి టపాలో ముద్ర వేయించి, రెండు రోజుల తరవాత పడమటి బల్లమీద పెట్టాడు. ఈఈగారు ఆ కుర్చీలోకి మారి, కళ్ళజోడు మార్చుకుని చదివారు. మొహం ఎర్రబడింది.

‘తటాకమునకు వచ్చు నీటిని అడ్డగించు ప్రతిపాదన దిగ్భ్రాంతికరము. ఇట్టి ప్రతిపాదన చేసిన ఇంజినీరు బాధ్యతారాహిత్యమును ఈ కార్యాలయము తీవ్రముగా పరిగణించుచున్నది’ అని రాశారు. అది మళ్ళీ రెండు రోజులకి తూర్పు బల్లకి చేరింది. ఈఈగారు చదివి నొచ్చుకున్నారు. “చూశావా దాలినాయుడూ, నీ మాట విని నేను చీవాట్లు తిన్నాను,” అన్నారు. ఆ రోజు ఆయన మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తరవాత పనులు చకచకా సాగాయి. పథకంలో పైపుల పని నడవకపోయినా చెరువు పని నడిచింది. మడుగు ఒడ్డున బోర్డు పాతారు. చుట్టూ కమ్మీలు వేశారు. నడక దారి వేశారు. దాని చుట్టుకొలత నలభై మూడు అడుగులు. ఆరోగ్యం కోసం వచ్చిన పెద్దమనుషులు నాలుగు వేల అడుగులు పూర్తిచెయ్యాలంటే తొంభై సార్లు పైగా తిరగాలి. తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడుతున్నారని ఒక బెంచీ వేశారు. బెంచీ వేశాక నడక దారి ముప్పై ఎనిమిది అడుగులైంది. 

పూర్తి నీటిమట్టం కొలిచి హద్దురాళ్ళు పాతే రోజున ఒక రాయి సన్యాసమ్మ గ్రైండరు పక్కన పడింది. ఇంకోటి ఆమె మంచం కింద. పదిరోజుల్లో నోటీసు వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదవడం ఆమెకి వచ్చు గానీ ఇది పలకలేక దాలినాయుడి చేతికి ఇచ్చింది. అతను చదివాడు.

‘శ్రీమతి సన్యాసమ్మగారు సన్యాసమ్మ తటాక గర్భమును అక్రమముగా ఆక్రమించి నివసించుచున్నట్లు జలనేత్రం ద్వారా నిర్ధారణ అయినది. వచ్చే సోమవారములోగా ఖాళీ చేయనిచో కట్టడము తొలగించబడును.’

“నా సెరువుని నాను ఆక్రమించీసినానేటి?” అంది సన్యాసమ్మ.

దాలినాయుడు నోటీసు మడిచి ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు.

“పదిహేనేల్లనించీ ఇక్కడే ఉన్నాను బావూ. అప్పుడీ సెరువు ఏదీ? నువ్వు సూసినోడివి గదా. సెప్పు ఆలకి.”

“చెప్పినానప్పా. నా రాతే నా మీద సాక్ష్యం పెట్టినారు. నా చేత్తో నేనే రాసినాను నీరు నిల్వ ఉందని. లీకని ఒక్కనాడు రాసుంటే నీ ఇంటికి ఈ గతి పట్టకపోను.”

సన్యాసమ్మ అతని మొహంలోకి చూసి కోపం మింగేసింది. “ఎక్కడికి పోతాను నాను? తట్టాబుట్టా కాదు గదా నెత్తిమీద ఎట్టుకు పోడానికి. గ్రైండరుకి కరెంటు గావాల, నీల్లు గావాల. ఎక్కడికి పోతాను, పిల్లలు గలదాన్ని?” అంది. అని, లోపలికి వెళ్ళి గిన్నెతో అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దాలినాయుడు గిన్నె పక్కన పెట్టాడు. తన చేతిరాత అంత గుండ్రంగా, అంత స్పష్టంగా ఉన్నందుకు మొదటిసారి సిగ్గుపడ్డాడు.

అంతలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు కాబట్టి, వదలని రోజున తటాకం కుంచించుకుపోతోందట. పూర్తి మట్టం ఎల్లవేళలా నిలపాలట. అందువల్ల వాల్వు నంబరు 23ని రోజూ మూడు చుట్లు అదనంగా తిప్పాలని తటాక పరిరక్షణాధికారి ఆదేశం. పైపు లేదు, కానీ దానికి వాల్వు తిప్పాలి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే ఆఫీసులో దాలినాయుడు ఇలాంటివి చాలా చూశాడు. తిప్పాడు. మిగతా వీధుల కుళాయిల్లో ధార సన్నగిల్లింది. చెరువు కళకళలాడింది. చేపపిల్లల్ని తెచ్చి ఫోటోలు తీసుకుంటూ వదిలారు. 

గురువారం పొద్దున్న దాలినాయుడు వెళ్ళేసరికి చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆ వారం కామెర్లకి భయపడి ట్యాంకు దగ్గరే కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందు రెట్టింపు కలిపారు. అతను వంగి వాసన చూశాడు. బ్లీచింగు ఘాటు. బెంచీమీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. సోమవారానికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. ఈ ఆఫీసు మనిషి మాట వినదు, రిజిస్టరు మాట వింటుంది. రిజిస్టరు అబద్ధం చెప్పకూడదు, కానీ నిజాన్ని ఏ బల్లకి చెప్పాలో ఎంచుకోవచ్చు. 

ఆ సాయంత్రం ఇలా రాశాడు: ‘సన్యాసమ్మ తటాకంలో క్లోరిన్ కలిసిన కుళాయి నీరు అక్రమంగా చేరుతున్నది. చేపలు చనిపోయినవి. తటాకం కలుషితమగుచున్నది.’ కింద గీత గీసి, ‘తటాక పరిరక్షణాధికారి గారికి’ అని రాసి, పడమటి బల్లమీద పెట్టాడు.

మర్నాడు పొద్దున్న ఈఈగారు పడమటి కుర్చీలో కూర్చుని చదివి అదిరిపడ్డారు. సహజ తటాకంలోకి మంచినీళ్ళు! ఇది పై దాకా వెళితే ఏమైనా ఉందా? అప్పటికప్పుడు నీళ్ళ ఇంజినీరుకి నోటీసు రాసి, టపా, ముద్ర ఏమీ లేకుండా తనే లేచి నాలుగడుగులు నడిచి నోటీసును తూర్పు బల్లమీద విసురుగా కొట్టారు. ఆ చప్పుడుకి బంట్రోతు లోపలికి తొంగిచూశాడు. ఈఈగారు తూర్పు కుర్చీలోకి మారి నోటీసు చదువుకుని చెమటలు తుడుచుకున్నారు. ఇరవై నాలుగు గంటల్లో ఆపాలట, లేకపోతే క్రిమినల్ కేసట.

“ఆపుదామంటే పటంలో అక్కడ పైపే లేదు కదయ్యా. లేనిదాన్ని ఎలా మూస్తాం?” అన్నారు దీనంగా.

“కలుషితం చేసేవాటిని పటంలో ఎక్కించే అధికారం చెరువుల అధికారిగారికి ఉందటండి. అన్వేష్ బాబు చెప్పినారు.”

ఈఈగారు మళ్ళీ పడమటికి మారారు. ఆ మధ్యాహ్నమే గోనెమిల్లు కాలనీ పైపు జలనేత్రంలో ‘కాలుష్య కారకం’ అనే పేరుతో ఎర్రటి గీతగా వెలిసింది. డెబ్బై ఏళ్ళుగా జనానికి నీళ్ళిచ్చినందుకు రాని గుర్తింపు, చేపల్ని చంపినందుకు వచ్చింది. ఇంక పైపు ఉంది కాబట్టి పని చెయ్యొచ్చు. ఆ శుక్రవారం సాయంత్రమే తవ్వారు, శనివారం పాత అతుకు కోసేసి కొత్త గొట్టం వేశారు, మురుగుకాలవకి దూరంగా జరిపారు. శనివారం సాయంత్రం సన్యాసమ్మ కుళాయి కింద బిందె పెట్టి, మొదటి బిందె పారబొయ్యకుండా వాసన చూసి, గ్రైండరు కడుక్కుంది. 

ఆదివారానికి మడుగు బురదైంది. సోమవారం పొద్దున్నకి ఆ బురద కూడా ఎండి నెర్రెలిచ్చింది. అయినా చెప్పిన వేళకి పొక్లెయిను వచ్చింది.

“నీళ్ళు లేవు కదండీ, ఇంక చెరువేంటండీ?” అన్నాడు దాన్ని తోలేవాడు.

“నీళ్ళు లేకపోతే ఏమయ్యా, పటంలో ఉంది,” అన్నారు ఈఈగారు. కానీ గొంతులో పస లేదు. రాష్ట్రంలో చెరువుల్ని చూసుకుంటూ వస్తున్న ఉన్నతస్థాయి బృందం బుధవారం నందివలస వస్తోంది. ఉన్న ఒక్క చెరువూ ఇలా మొహం చాటేసింది. చెరువు కనబడకపోతే ఎవరు మింగారని అడిగేది ఆయన్నే.

సన్యాసమ్మ గుమ్మంలో గ్రైండరుకి అడ్డంగా కూర్చుంది. దాలినాయుడు తన ఇనప తాళం పక్కన పెట్టుకుని ఆమెకి అడ్డంగా కూర్చున్నాడు. 

“తీసెయ్యడం కుదరదా?” అని అన్వేష్‌ని అడిగారు ఈఈగారు మెల్లగా.

“చెరువుని డిలీట్ చేసే అవకాశం సాఫ్ట్‌వేర్‌లో లేదు సార్. చట్టప్రకారం అది పెట్టలేదు. కానీ పొరపాటున ఒకచోటికి బదులు ఇంకోచోట గుర్తించామని సరిదిద్దవచ్చు. హద్దులూ పేరూ అలాగే ఉంటాయి. కొత్తచోట కూడా మూడేళ్ళ నీటి ఆధారం మాత్రం ఉండాలి.”

ఈఈగారు దాలినాయుడి వైపు తిరిగారు. మనిషికి అవసరం వస్తే గొంతు ఎంత మెత్తబడుతుందో దాలినాయుడికి తెలుసు. “ఏమయ్యా, నీ రిజిస్టర్లో ఇంకెక్కడైనా ఇలా నీళ్ళు నిలిచాయా?”

దాలినాయుడు భూమిలోంచి ఏదో వింటున్నట్టు మెడ వాల్చాడు. “వాల్వు నంబరు 7 దగ్గర ఉందండి. నాలుగేళ్ళనుంచి రోజూ రాస్తన్నాను.”

“ఎంత లోతు?”

“చీలమండ దాకా ఉంటదండి. వానొస్తే మోకాలు.”

“అక్కడ జనం ఉన్నారా? గొడవలు చేస్తారా?”

“కాపురాలు లేవండి. పొద్దున్న పదిన్నరకి కొంతమంది వస్తారండి, సాయంత్రానికి ఎల్లిపోతారు. పెద్దగా పనేం చేసుకోరు.”

“అక్రమంగా కట్టుకున్నారా?”

“పక్కా కట్టడమేనండి. మూడంతస్తులు.”

“అటువంటివాళ్ళమీద కనికరం ఏమిటి!” అని ఈఈగారు అక్కడే, పొక్లెయిను బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. ఒకసారి తూర్పు హోదాలో, ఒకసారి పడమటి హోదాలో. అన్వేష్ వేలితో నీలి మచ్చని జరిపాడు. వాల్వు నంబరు 7 ఎక్కడుందో అతనికీ తెలియదు, అంకె కొడితే యంత్రమే పెట్టేసింది. పొక్లెయిను వెనక్కి తిరిగింది. సన్యాసమ్మ గుమ్మంలోంచి లేవకుండా, అది వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

బుధవారం ఉన్నతస్థాయి బృందం సెల్‌ఫోన్లో పటం చూసుకుంటూ వచ్చింది. పటం చెప్పిన దారినే రైలుకట్ట దాటి, బజారు దాటి, నందివలస మహానగర ప్రాంత సమీకృత జల, మురుగు నిర్వహణ సంస్థ ముందు ఆగింది. మెట్లు దిగి కింది అంతస్తులోకి వెళ్ళింది. అక్కడ, నాలుగేళ్ళుగా పొంగుతున్న మురుగు గొట్టం కింద, పాత ఫైళ్ళ బీరువాల కాళ్ళ చుట్టూ, వాల్వు నంబరు 7 పక్కన సన్యాసమ్మ తటాకం నిశ్చలంగా ఉంది. దోమలు పుష్కలంగా ఉన్నాయి. జీవవైవిధ్యం బాగుందని బృందం నాయకుడు ముక్కు మూసుకుని మెచ్చుకున్నారు. తరవాత హద్దులు అడిగారు.

హద్దులు కొలిస్తే పూర్తి నీటిమట్టం ఈఈగారి గది దాకా వచ్చింది. ఒక రాయి తూర్పు కుర్చీ కింద, ఒకటి పడమటి కుర్చీ కింద. తటాక గర్భంలో ఇంత పెద్ద కట్టడం కట్టినవారిపై వెంటనే చర్య తీసుకోమని నాయకుడు ఆదేశించారు. తటాక పరిరక్షణాధికారి నీళ్ళ ఇంజినీరుకి ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చారు. ఇంజినీరు పుచ్చుకోవడానికి నిరాకరించారు. నిరాకరిస్తే తలుపుకి అంటించాలని నియమం కాబట్టి, ఆయనే జిగురు పూసి తన తలుపుకి తనే అంటించుకున్నారు.

మురుగు గొట్టం బాగుచేయించి నీళ్ళు తోడించేద్దామని కూడా చూశారు. కానీ తటాకాన్ని ఎండబెట్టడం నేరం. పోనీ కుళాయి నీరు కలుస్తోందని రాయమంటే, దాలినాయుడు రిజిస్టరు మూసి, “అబద్ధం రాయలేనండి. అది అచ్చమైన మురుగు. దాంట్లో మందు చుక్క లేదు,” అన్నాడు. ఆ వారంలోనే ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట లీకును లీకు అనే రాయవలెను, నీరు నిల్వ ఉన్నది అని రాసిన సిబ్బందిపై చర్య తీసుకొనబడును. దాలినాయుడు అది రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు రిజిస్టరులో నలభై ఒక్క చోట్ల లీకు అని గుండ్రంగా రాశాడు. 

సాయంత్రం గోనెమిల్లు కాలనీకి వెళ్ళాడు. సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని మినప్పప్పు కడుగుతోంది. పొట్టు తేలుతున్న నీళ్ళు తేటగా ఉన్నాయి. మడుగు ఉన్నచోట బెంచీ ఒక్కటే మిగిలింది. దానిమీద ఎవరివో బట్టలు ఆరేశారు.

“ఏదీ బావూ నా సెరువు?”

“ఆఫీసు కిందకి మార్చీసినారప్పా.”

“పేరు నాదేనా?”

“నీదే. బోర్డు కూడా పెట్టినారు. సన్యాసమ్మ తటాకం, ప్రభుత్వ ఆస్తి అని.”

ఆమె చేతిలో పప్పు ఆపి లెక్క చూసుకున్నట్టు ఆలోచించింది. “అయితే ఆ ఆపీసోలందరూ నా సెరువులో అక్రమంగా ఉన్నట్టేగదా?”

“అంతే మరి. నోటీసు కూడా అంటించీసినారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని.”

సన్యాసమ్మ నవ్వలేదు. గిన్నెలోని నీళ్ళు వంచి, మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

“పోనీలే బావూ, ఉండనీ. ఎక్కడికి పోతారు పాపం, పిల్లలు గలోలు.”